రెండు దారాల పటం

నా చిన్నప్పుడు నేను చేసిన ఒక తప్పుకు నన్నెవరూ సరిగ్గా తిట్టలేదు. తిట్లకేమీ కొదవ లేదు, అవన్నీ వేరే తప్పుకు పడ్డాయి. ఇన్నేళ్ళయినా ఆ కోపం నాకు పూర్తిగా చల్లారలేదు. వయసు వస్తే మనసు నెమ్మదిస్తుందని చాలామంది నాకు ధైర్యం చెప్పారు. వాళ్ళెవరికీ మా పెద్దనాయనతో పరిచయం లేదు.

కర్నూలు రాజధానిగా ఉండి మానేసిన మరుసటి సంవత్సరం అది. నాకు పదేళ్ళు. మాది ఆళ్ళగడ్డకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లె. మా అమ్మ తమ్ముడు, అంటే మా చిన్నమామ, నంద్యాలలో పత్తి మిల్లులో పనిచేసేవాడు. అంతకుముందు యుద్ధం రోజుల్లో ఓడల మీద ఫిరంగుల దగ్గర ఉన్నాడు. యుద్ధం ఎట్లా ఉండేదని అడిగితే "ఉప్పు నీళ్ళు, ఉడకని బియ్యం" అని ఊరుకునేవాడు. కానీ ఓడ మీద ఎగరేసిన ఒక గాలిపటం గురించి మాత్రం ఎంతసేపైనా చెప్పేవాడు. ఫిరంగులవాళ్ళు గురి నేర్చుకోవడానికి దాన్ని ఎగరేసేవారట. మామూలు పటానికి ఒకటే దారం, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. దీనికి రెండు. కుడి చేతి దారం లాగితే కుడికి తిరుగుతుంది, ఎడమ చేతిది లాగితే ఎడమకు. రెండూ సమంగా పట్టుకుంటే ఆకాశంలో నిటారుగా నిలబడుతుంది.

శివరాత్రికి వారం రోజులు సెలవు పెట్టి వచ్చి, అహోబిలం అడవి వెదురుతో, మా నాయన పాత పంచెతో, గోనెసంచులు కుట్టే పురికొసతో అలాంటి పటమొకటి కట్టాడు. నిలబెడితే నాకంటే జానెడు ఎత్తు. పెద్దనాయన కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్దవాడు, వచ్చి చూసి, రెండు చేతులకు రెండు వేరే పనులా అని విసుక్కొని వెళ్ళిపోయాడు. నేను మిగిలాను. అంతకుమించి ఆడపిల్లనైన నన్ను ఎంచుకోవడంలో మామకు ఏ సంఘసంస్కరణ ఉద్దేశమూ లేదు.

మూడు రోజులపాటు నాకు పటం ఇవ్వకుండా నడక నేర్పాడు. దారం పొడవెంతో అంత దూరం నడవాలి. దాని మీద ఇంకో సగం నడవాలి. ఆ మేరలో మనిషి గానీ, గొడ్డు గానీ, బండిబాట గానీ, కొత్తగా వేసిన కరెంటు తీగ గానీ ఉంటే అక్కడ ఎగరేయకూడదు. "వీపుకు గాలి, కంటికి ఖాళీ" అనేవాడు. ఇంకొకటి మరీ విచిత్రంగా ఉండేది. "భయమేస్తే లాగొద్దు పాపా. పటం దిక్కుకే పరిగెత్తు. దారం వదులైతే దాని బలం పోతాది." అసలు గాలే లేని రోజులవి, కాబట్టి భయపడే అవకాశం కూడా లేదు. మూడో రోజు సాయంత్రం పడమటి గాలి కొద్దిగా వస్తే, మా కళ్ళానికి అవతలి కోతైపోయిన చేలో పది నిమిషాలు ఎగరనిచ్చాడు. తూర్పున కంటికందినంత మేర నల్లరేగడి, దాని మీద ఎవరూ లేరు.

నాలుగో రోజు మామ బస్సు సంగతి కనుక్కోవడానికి ఆళ్ళగడ్డకు పోయాడు. ఎల్లుండి ఆయన నంద్యాలకు వెళ్ళిపోతాడు. ఆ లోపల పటాన్ని గిర్రున ఒక సున్న చుట్టించి ఆయనకు చూపించాలని నా పట్టుదల. మధ్యాహ్నం దాటాక మంచి గాలి లేచింది. నేను పటం తీసుకొని నిన్నటి చోటికే పోయాను. అడుగులు కొలిచిన చోటే కదా, మళ్ళీ కొలవడం ఎందుకని కొలవలేదు. చొప్పకట్టకు పటాన్ని ఆనించి, గాలికి వీపు పెట్టి నిలబడ్డాను. స్థలం మారలేదు. గాలి మారింది. ఇప్పుడది దక్షిణం నుంచి వీస్తోంది. నా ఎదుట ఉన్నది ఖాళీ చేను కాదు, మా జొన్నల కళ్ళం.

కళ్ళంలో ముక్కాలిపీట మీద నిలబడి ఒక అవ్వ తూర్పారబడుతోంది. ఏటా మా జొన్నలకు ఆమే. చేటతో నూర్చిన జొన్నలు ఎత్తి పోస్తే గింజ కిందికి రాలుతుంది, పొట్టు గాలికి దూరంగా పోతుంది. గాలి లేకపోతే ఆ పని లేదు. మూడు రోజులుగా ఆమె కళ్ళంలో కూర్చొని గాలికోసం కాచుకొని ఉంది. నేనూ కాచుకొనే ఉన్నాను. ఇద్దరం ఒకే గాలికోసం కాచుకున్నామన్న సంగతి నాకు తట్టలేదు.

పటం లేచింది. మొదట నేను చెప్పినట్టు ఎగిరింది, తర్వాత తనకు తోచినట్టు ఎగిరింది. కుడి దారం లాగితే సగం సున్న చుట్టి తలకిందులై కళ్ళం వైపు దిగడం మొదలుపెట్టింది. నాకు భయమేసింది. భయమేస్తే మనిషి చేతులు ఏ పాఠమూ వినవు. రెండు దారాలూ గుంజి పట్టుకొని వెనక్కి పరిగెత్తాను. నేను ఎంత గట్టిగా లాగితే అది అంత వేగంగా దిగింది. వెదురు బద్ద పోయి అవ్వ మోచేతికి తగిలింది. పీట ఒరిగింది. అవ్వ చెయ్యి ఊని జొన్నల రాశి మీద పడింది. చేతిలోని చేట, అందులోని గింజ, పొట్టు, అన్నీ కలిసి రాశిలోకే పోయాయి.

అరగంటలో ఇంటి ముందు పంచాయితీ కూడింది. అవ్వ మణికట్టు వాచింది. ఎవరో పసుపూ సున్నమూ పట్టించి ఇంటికి పొమ్మన్నారు. అక్కడితో అవ్వ సంగతి అయిపోయింది. మిగతా సమయమంతా నా గురించే.

"ఆడపిల్ల చేతికి దారాలిస్తే ఇట్లే ఉంటాది" అన్నాడు మా పెద్దనాయన. "రేపట్నుంచి అది మా పిల్లోనికి. నీవు ఇంట్లో గమ్మునుండు."

అందరూ తలలూపారు. పటం అటకెక్కింది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎందుకంటే పోయినేడు జొన్నచేలో పిట్టలు తోలమని వడిసెల ఇస్తే, ఈ పిల్లోడే బావి నుంచి వస్తున్న అవ్వ కోడలి నెత్తి మీద కడవ పగలగొట్టాడు. "గురి కుదురుతాండాది వానికి" అని అప్పుడు మా పెద్దనాయన మీసం దువ్వుకున్నాడు. కడవ పగిలితే అది మగపిల్లోడి గురి. చెయ్యి బెణికితే అది ఆడపిల్ల బుద్ధి. నేను గాలి చూసుకోలేదు, ఎదుట మనిషి ఉందో లేదో చూసుకోలేదు, భయపడి లాగాను. మూడు తప్పులు చేశాను, మూడూ సొంతంగా. ఒక్కదానికీ నన్ను తిట్టినవాళ్ళు లేరు. నా ప్రమేయమేమీ లేని నాలుగో సంగతికి మాత్రం ఊరంతా తిట్టింది.

సాయంత్రం మామ వచ్చాడు. అందరూ చెప్పింది విని, నన్ను పక్కకు పిలిచి మూడే ప్రశ్నలు అడిగాడు. గాలి ఏ పక్కనుంచి వీచింది? ఎదుట ఎవరున్నారు? భయమేసినప్పుడు ఏం చేశావు? చెప్పాను. "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" నాకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది, విచిత్రమేమంటే కొంచెం హాయిగా కూడా ఉంది. తర్వాత చెయ్యి పట్టుకొని అవ్వ ఇంటికి తీసుకుపోయాడు.

అవ్వ గడపలో కూర్చొని ఉంది, చెయ్యి కొంగులో కట్టుకొని. తప్పయింది అన్నాను. పొరపాటుగా దాని వెంట ఇంకో మాట కూడా అన్నాను. ఆడపిల్లనని అందరూ తిడుతున్నారు అవ్వా, అని.

"నీవు ఆడపిల్లవైతే నాకేంది, మొగపిల్లోనివైతే నాకేంది?" అంది అవ్వ. "నా చెయ్యి నొప్పి పుడతాండాది. మూడు దినాలు గాలికి కాసుకోనుంటి. వచ్చిన గాలి నీవు తీసుకుంటివి. పొట్టంతా మళ్ళా గింజలో కలిస్తే ఎవురు చెరగల్ల?"

మామ నావైపు చూశాడు. చెరగవలసింది ఎవరో నాకు అర్థమైంది.

మరునాడు ఎండ ఎక్కకముందే కళ్ళానికి పోయాను. అవ్వ కింద కూర్చొని చెబుతోంది, కోడలు పీట ఎక్కింది, నేను చేటలకు ఎత్తి అందిస్తున్నాను. పొట్టు ఏ పక్క పడుతుందో, ఎవరు ఎటు నిలబడకూడదో ఆ ఒక్క పూటలో నాకు తెలిసినంత, మామ మూడు రోజులు నడిపించినా తెలియలేదు. మెడ నిండా దురద. అప్పుడే పెద్దనాయన వచ్చాడు.

"ఏంది ఈ పాప ఈడ చేస్తాండాది?"

"చెడగొట్టింది, బాగుచేస్తాండాది" అంది అవ్వ లేవకుండానే. "పోయినేడు మా కోడలికి కడవ తెచ్చియ్యమని నీ కొడుకుకు చెప్తివా అప్పా?"

పెద్దనాయన జొన్నల రాశిని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

"ఆ పటం పిల్లోనికి ఇస్తాండావంట. ఇయ్యి. ఈసారి నా కాలు ఇరగ్గొడ్తాడు. ఈ పాపకైతే ఇప్పుడు తెలుసు, గాలి నాదని."

కోడలు పీట మీదినుంచి పక్కకు తిరిగి నవ్వు దాచుకుంది. పెద్దనాయన వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం నేను అన్నానికి పోయేసరికి పటం అరుగు మీద గోడకు ఆనించి ఉంది. ఎవరు దించారని అడిగితే ఎవరికీ తెలియదు. మా పెద్దనాయన తప్పు ఒప్పుకోవడం అంటే అంతవరకే. నాకు పెట్టిన 'ఆడపిల్ల బుద్ధి' అన్న పేరును మాత్రం ఆయన ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు, నేనూ అడగలేదు. అడగకపోయినా గుర్తు మాత్రం పెట్టుకున్నాను.

పొద్దు వాలేటప్పటికి రాశి తేలింది. అవ్వ పీటను బోర్లా వేయించి, "ఇంగ నీది పో" అని చేత్తో గాలిని చూపించింది. ఈసారి దారం పొడవు నడిచి, ఇంకో సగం నడిచి, మామ చూస్తుండగా ఎగరేశాను. సున్న చుట్టలేదు. వంకర గుమ్మడికాయలాంటిదేదో చుట్టింది. దిగేటప్పుడు భయమేసింది, అప్పుడు మాత్రం పటం వైపే పరిగెత్తాను. అది మెత్తగా, బుద్ధిగా రేగడి మీద వాలింది. మరునాడు పొద్దున మామ నంద్యాల బస్సెక్కాడు.

ఆ తర్వాత కాలేజీలో చదివాను, ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను, చాలా పంచాయితీల్లో కూర్చున్నాను. ఎక్కడ ఏం జరిగినా మొదట చేసినవాళ్ళు ఎటువంటివాళ్ళన్న చర్చే లేస్తుంది, అందులో అందరికీ ఎంతో ఉత్సాహం. నేను ఇప్పటికీ మధ్యలో అడ్డుపడి, దెబ్బ తగిలినామె ఎట్లా ఉందో ఎవరైనా పోయి చూశారా అని అడుగుతాను. ఆ ప్రశ్న వల్ల నాకు పదోన్నతులేమీ రాలేదు. అయినా అడగడం మానలేదు. జవాబు రాకపోతే చెప్పులేసుకొని నేనే పోతాను.