పద్నాలుగో పేజీ అడుగున

ఈ రోజు పొద్దున బేతమంగళ బస్సులో ఎవరో నా కాళ్ళ దగ్గర మల్బరీ కొమ్మల మోపు పెట్టారు. అప్పుడే కోసిన కాడల పచ్చి పాల వాసన. కండక్టరు టికెట్ ఇస్తున్నా నేను చెయ్యి చాపలేదు. మునెమ్మ గుర్తొచ్చింది. ఆమె మీకెవరికీ తెలియదు. ఆ పక్క పల్లెలో పట్టుపురుగులు పెంచేది. చదువు రాదు. ఈ డెబ్భై ఒకటో ఏట కూడా నేను చేస్తున్న పనిని నాకు సరిగ్గా నేర్పింది ఆమే.

నా పని సాఫ్ట్‌వేరును ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం. కేజీఎఫ్‌లో గని స్టోర్సు రిజిస్టర్లు రాసినదాన్ని. గని మూతపడిన కొన్నేళ్ళకు కోలారు పక్కన తమకలో ఒక చిన్న కంపెనీలో చేరాను. పురుగుల గదిలో వేడిని, తేమను చూసుకునే పెట్టె ఒకటి వాళ్ళు చేసేవాళ్ళు. దాన్ని ఫోనులోంచి నడపాలి. కర్ణాటక, ఆంధ్ర సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న రైతుల కోసం తెలుగులో నలభై పేజీల పుస్తకం రాశాను. ప్రతి మెట్టుకూ ఒక అంకె. చెప్పవలసిన జాగ్రత్త ఉంటే మెట్టు పక్కన ఒక చుక్క, దాని వివరం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, రిజిస్టరులో రిమార్కులు రాసినట్టు. మొత్తం ఇరవై మూడు గమనికలు. పేజీ తెరిస్తే తుడిచిన పలకలా ఉండేది. అందులో అచ్చుతప్పు ఒక్కటీ లేదని గొప్పగా చెప్పుకునేదాన్ని.

పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతుంది. ఇక్కడ దాన్ని జ్వరం అంటారు. అప్పుడు గదిలో తేమ తగ్గాలి. అందుకు ఫోనులో జ్వరం అనే బటను ఉంది. పద్నాలుగో పేజీలో పదకొండో మెట్టు ఆ బటను నొక్కమంటుంది, పక్కన చుక్క. పేజీ అడుగున గమనిక: పురుగులన్నీ మేత మానాయో లేదో ముందు చూసుకోవాలి, ఒకసారి నొక్కితే ఇరవై నాలుగు గంటల దాకా వెనక్కి తిరగదు.

మునెమ్మ ఇంట్లో పురుగులు పోయాయని కబురొస్తే కంపెనీ నన్ను పంపింది. తప్పు పుస్తకంలో లేదని చూపించి రావాలనే నేను బయలుదేరాను. సగం పురుగులు ఇంకా తింటుండగానే ఆమె బటను నొక్కింది. గది ఎండిపోయి, ఆకు వాడిపోయి, పెట్టె ఎంతకూ మాట వినక, పంటంతా పాడైంది. పురుగులు పెంచే తట్టలు కడిగి గోడకు ఆనించి ఉన్నాయి. ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది. నేను తాగకుండానే పుస్తకం తెరిచాను.

“రాసే ఉంది కదమ్మా,” అన్నాను.

“ఉండాది. నేను లేదన్లే. యాడుండాదో చూపించు.”

పేజీ అడుగున వేలు పెట్టాను. ఆమె నా వేలు పట్టుకుని పైకి జరిపింది. పదకొండో మెట్టు ఏదని కోడల్ని అడిగి, దాని మీద ఆపింది.

“మా లక్ష్మి చదువుతాది, నేను చేస్తాను. నొక్కమనింది, నొక్కినాను. అప్పుడు నా చెయ్యి ఈడుండె. నీ మాట ఆ కిందుండె. ఈ రెండింటి నడాన నా పురుగులు సచ్చినాయి.”

లక్ష్మి కుప్పం వైపు పిల్ల, తెలుగు చదువుకుంది. తల వంచుకుని నిలబడింది. ఆ మెట్టు తర్వాత ఇంకా మూడు మెట్లు చదివాక గాని ఆమెకు ఆ గమనిక కంటబడలేదు. నా పుస్తకాన్ని కంటితో చూస్తారని అనుకున్నాను గాని, చెవితో వింటారని ఒక్కరోజూ అనుకోలేదు. పుస్తకం మూసి మజ్జిగ తాగాను.

తోటలో ఇంకొక్క పంటకు ఆకు ఉంది. అది కూడా పోతే మల్బరీ పీకి టమోటా పెడతానని మునెమ్మ కొడుకు తేల్చి చెప్పాడు. ఆ తోట ఆమె చేత్తో నాటింది. కొత్త పురుగులు సోమవారం వస్తాయి. పుస్తకం మార్చడానికి నాకు మిగిలింది నాలుగు రోజులు.

రెండో రోజుకే కొత్త కాగితాలు తీసుకెళ్ళాను. ఇరవై మూడు గమనికల్నీ వాటి వాటి మెట్లకు ముందు పెట్టి, ప్రతిదాని నెత్తిన జాగ్రత్త అని రాశాను. లక్ష్మి చదువుతోంది, మునెమ్మ కూర తరుగుతూ ఊఁ కొడుతోంది. తొమ్మిదో జాగ్రత్తకు ఆ ఊఁ కూడా ఆగిపోయింది.

“ఏమత్తా, వింటా ఉండావా?”

“మీ మామ మాదిరే ఉండాది ఈ పుస్తకం,” అంది మునెమ్మ. “బయటికి పోతే చాలు, చెప్పులు జాగ్రత్త, గేటు జాగ్రత్త, కుక్క జాగ్రత్త అంటా ఉండె. ఒగ దినం నిజంగానే ఎద్దు కుమ్మను వచ్చె. పాపం అరిచినాడు. నేను తిరిగి చూస్తేనా!” పక్కటెముక చూపించి నవ్వింది. “ఏది తప్పితే పురుగు సస్తాదో అది చెప్పమ్మా. మిగతావి మేం తప్పు చేసి నేర్చుకుంటాం.”

మిగిలిన రెండు రోజులూ ఆమె ఇంటి అరుగు మీదే కూర్చుని ఒక్కొక్కటే అడిగాను. ఇది తప్పితే ఏమవుతుంది? ఫోను బీప్‌మంటుంది, అంతే. కొట్టేశాను. మరి ఇది? మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. కొట్టేశాను. ఇరవై మూడులో నాలుగు మిగిలాయి. వాటికి చుక్కలు లేవు. మెట్టుకు ముందు, దానంతట అదే ఒక వరుసలో, ఆగండి అనే మాటతో మొదలయ్యాయి.

కొత్త పురుగులకు మూడో జ్వరం వచ్చిన రోజు మధ్యాహ్నం నేనూ అక్కడే ఉన్నాను. మునెమ్మ ఫోను పట్టుకుంది, వేలు తెర మీద ఆడుతోంది. లక్ష్మి పుస్తకం చూసి గట్టిగా అంది:

“ఆగు అత్తా! పది పురుగుల్లో తొమ్మిది కదలకుండా ఉండాయా?”

వేలు గాలిలోనే నిలిచిపోయింది.

“చూడమ్మా, కోడలు నన్ను ఆగమంటాది,” అని నా వైపు తిరిగింది మునెమ్మ. “పుస్తకం చేతికొచ్చినాంక పెత్తనం కూడా వచ్చినాది.” లక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మునెమ్మ లేచి తట్టల దగ్గరికి వెళ్ళింది. నేనూ లెక్కపెట్టాను. పదింట ఆరు.

“ఇంగా తింటా ఉండాయి,” అని ఆమె ఫోను గూట్లో పెట్టి, ఇంకో మేత వేసింది. మర్నాడు పొద్దున తొమ్మిది అయ్యాయి. అప్పుడు నొక్కింది. ఆ పంట చక్కగా గూడు కట్టింది. మల్బరీ తోట నిలిచింది.

మునెమ్మ పోయి రెండేళ్ళయింది. తోట లక్ష్మి చూసుకుంటోంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు గమనికను ఎక్కడ పెట్టాలని అడిగితే నేను సూత్రం చెప్పను. వాళ్ళు రాసింది వాళ్ళచేతే పైకి చదివిస్తాను, బటను మీద వేలు నేను పెట్టుకుంటాను. వాళ్ళు నొక్కమన్నప్పుడు నొక్కేస్తాను. ఆగమనే మాట ఆ తర్వాత వస్తే, వాళ్ళ గొంతు వాక్యం మధ్యలోనే తగ్గిపోతుంది.