జఠరరసం పాఠమూ, ఖాళీ క్యారియరూ

మా ముత్తాత బెళుగుప్ప వైపు ఏడు ఊళ్ళకు పెద్దరెడ్డి. ఆయన తగవు తీర్చి లేచాక మళ్ళీ నోరెత్తినవాడు లేడు. మా తాతదీ అదే తీరు, ఒకసారి అన్నాడంటే అన్నట్టే. ఆ వంశంలో పుట్టిన నేను బుక్కరాయసముద్రంలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు అయ్యవారిగా చేరాను. (ముత్తాత వింటే ఏమనేవాడో ఊహించడం నాకు ఇష్టం లేదు.)

ఆ రోజుల్లో వాన ముఖం చాటేసినా మేము మాత్రం తల దించేవాళ్ళం కాదు. వరసగా రెండేళ్ళు వేరుశెనగ ఎండిపోయి, ఇంట్లో పొయ్యి సాయంత్రం ఒక్కపూటే వెలిగేది. అయినా వట్టి చేతులతో పోతే చూసినవాళ్ళు ఏమనుకుంటారని మా అమ్మ రోజూ ఖాళీ క్యారియరు తోమి నా చేతికిచ్చేది. మధ్యాహ్నం గంట కొట్టగానే ల్యాబు గదిలో దూరి, చెంచాతో గిన్నెను నాలుగుసార్లు మోగించి, మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చేవాణ్ణి. నటనలో నాకు లోటు లేదు. కడుపుకే ఆ విద్య అబ్బలేదు.

ఒకరోజు భోజనాల గంటకు ముందు పదో తరగతికి జీర్ణక్రియ చెబుతున్నాను. జీర్ణాశయం గోడలోని గ్రంథులు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఊరిస్తాయి. వాటిలోనే మరికొన్ని కణాలు పెప్సినోజెన్ వదులుతాయి. ఆమ్లం తగలగానే అది పెప్సిన్‌గా మారి మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. గోడ తనను తానే అరిగించుకోకుండా జిగురు పొర కాపాడుతుంది. అన్నం కడుపులో పడేదాకా కూడా ఆగనక్కరలేదు, వాసన తగిలితే చాలు, మెదడు నరం ద్వారా కబురు పంపుతుంది, ఊట మొదలవుతుంది అన్నాను. సరిగ్గా అప్పుడే వరండాలో, బడి ఊడ్చే ఆయమ్మ తన సంగటి గిన్నె మూత తీసింది. సంగటిలోకి రోట్లో నూరిన ఊరిబిండి వాసన తరగతిలోకి వచ్చింది. నా కడుపు ట్రాక్టరు స్టార్టు చేసినట్టు మోగింది.

వెనక బెంచీలో ఒకడు ఎంతో వినయంగా, "సార్, మీకు ఊట మొదలైనాది" అన్నాడు. ఆ బడి వదిలేదాకా నేను ఊట సారునే.

గంట కొట్టాక ల్యాబులో చెంచా మోగిస్తుంటే ఆయమ్మ తలుపు తోసుకుని వచ్చింది. (గడియ పెట్టడం మరిచాను.) ఆమె అత్త ఒకప్పుడు మా చేలో కలుపు తీసిన మనిషి. మెతుకు అంటని గిన్నెను చూసింది, నన్ను చూసింది.

"ఒక ముద్ద తినండి సామీ. నాకు ఎక్కువే ఉండాది."

మా ఇంటి పద్ధతి ఒకటుంది. ఎవరు పెట్టినా రెండుసార్లు వద్దనాలి, మూడోసారి వాళ్ళ తృప్తి కోసమన్నట్టు కూర్చోవాలి. "వద్దులేమ్మా, ఇప్పుడే తింటి" అని, రెండో పిలుపు కోసం ఎదురు చూశాను.

ఆమె మూత పెట్టేసింది. "సరే సామీ. మీ ఇంట్లో వద్దంటే వద్దే గదా. మీ తాతను రెండోసారి అడగగూడదని మా అత్త చెప్తాండె."

మా తాత మీద నాకు కోపం వచ్చింది ఆ ఒక్కరోజే. సాయంత్రం దాకా ఆమ్లమూ పెప్సినూ పనికి సిద్ధంగా కూర్చున్నాయి. పనే దొరకలేదు. ఖాళీ గిన్నె సంగతి ఆయమ్మ ఎవరికీ చెప్పలేదు. మర్యాద అంటే అది. మేము దాన్ని చెంచా చప్పుడనుకున్నాం.

ఇప్పుడు ఎవరైనా భోంచేస్తారా అంటే, మాట పూర్తి కాకముందే కూర్చుంటాను. వెన్ను నిటారుగా పెట్టుకుని పస్తున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. భుజం తట్టాలనిపిస్తుంది కానీ, వాడు తట్టనిచ్చే రకం కాదు.

ఆ ఏడు వేసవిలోనే నాయన చివరి నాలుగెకరాలూ బావితో సహా అమ్మేశాడు.