రైలు కుదుపుల నింద

మా చెల్లికి ఇరవై ఎనిమిదేళ్లు. తన జడ తను వేసుకోలేదు. నాలుగు మాటలు కలిపి చెప్పాలంటే కష్టపడుతుంది. పక్కింటి పాప ఏడిస్తే మాత్రం అందరికంటే ముందు పరుగెడుతుంది.

తను కడుపులో ఉన్నప్పుడు అమ్మ రాజమండ్రిలో రైలెక్కి నిడదవోలు వెళ్లి బడిలో లెక్కలు చెప్పేది. పిల్లకి బుద్ధి ఎదగలేదని తెలిశాక నాయనమ్మ తేల్చేసింది: "ఆ రైలు కుదుపులకే దాని బుర్ర కదిలిపోయింది. వద్దంటే విందా?" మేనత్త వంత పాడింది. నాన్నగారు కాదనలేదు. అమ్మ ఉద్యోగం మానేసింది. ఏ పేరంటానికి వెళ్లినా ఆ నింద ఆమెకంటే ముందే వెళ్లి కూర్చునేది.

నిరుడు నేను గర్భవతినయ్యాక, రాజమండ్రి డాక్టరుగారు చెల్లి సంగతి విని, ఇంట్లో అందరికీ రక్తపరీక్షలు చేయించారు. నాన్నగారి క్రోమోజోముల్లో రెండు ముక్కలు ఒకదాని చోటికి ఒకటి మారాయట. ఏదీ పోలేదు కాబట్టి ఆయనకేమీ కాలేదు. చెల్లికి మాత్రం ఒక ముక్క తక్కువై, ఇంకోటి ఎక్కువైంది. అందుకే తను అలా ఉంది. నాలో ఆ మార్పు లేదు.

"ఇది ఎవరి తప్పూ కాదండి," అన్నారు డాక్టరుగారు.

"అయితే రైలు వల్ల కాదాండి?" అంది అమ్మ.

"రైలుకీ దీనికీ సంబంధమే లేదమ్మా."

అమ్మ మళ్లీ అదే అడిగింది. నాన్నగారు తల దించుకున్నారు.

నాయనమ్మ ఎప్పుడో పోయింది. ఇంటికొచ్చిన అత్తకి నేనే చెప్పాను.

"అన్నయ్య కావాలని చేశాడేంటి? అంతా దేవుడిచ్చింది. బయట అనకు," అంది.

"అమ్మ వల్లే అనుకున్నన్నాళ్లూ తప్పు. నాన్నగారి వల్ల అని తేలగానే దేవుడిచ్చిందా?" నా గొంతు వీధిలోకి వినబడింది.

"ఊరుకోవే," అంది అమ్మ.

"నువ్వు ఊరుకున్నది చాలమ్మా. అత్తా, నువ్వు అమ్మకి క్షమాపణ చెప్పు!"

అత్త చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

"అయిపోయిందేదో అయిపోయింది," అన్నారు నాన్నగారు.

ఆయన రక్తం మీద నాకు కోపం లేదు. అది ఆయన చేతిలో లేదు. కానీ మా అమ్మని అందరూ అంటుంటే "ఆపండి" అనడం ఆయన చేతిలోనే ఉంది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు.

మా పాప బారసాలకి అత్తని పిలుద్దామంది అమ్మ. నేను ఒప్పుకోలేదు.