బోర్డు మీద అమ్మ పేరు

మాది మానవపాడు దగ్గర ఊరు. మా అమ్మ పెళ్లిళ్లకూ చావులకూ స్టీలు సామాను కిరాయికిచ్చేది. పళ్లేలు, గిలాసలు, బగోనలు, గరిటెలు. పుణెలో బిల్డింగుల దగ్గర ఇసుక మోసి, నడుము పోగొట్టుకుని కొన్న సామాను అది. రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి, పైన ‘స్టీల్ బ్యాంక్’ అని బోర్డు పెట్టించింది. పేరు నేను చెప్పిందే. వనపర్తిలో చదువుకునేటప్పుడు ఒక మహిళా సంఘం వాళ్లు ప్లాస్టిక్ మాన్పించాలని ఆ పేరుతోనే పళ్లేలు కిరాయికిచ్చేవాళ్లు. అమ్మకు సంఘం లేదు, ఒక్కతే. అయినా పేరు బాగుందని ప్రతి పళ్లెం అడుగునా ఆ రెండు మాటలు చుక్కలు చుక్కలుగా చెక్కించింది.

ఆ పేరుకు ఎంత బలముందో మొదట్లో మాకే తెలియలేదు. మాది కూలికి పోయే వాడ, చర్చికి పోయే ఇల్లు. అమ్మ పేరు వింటే చాలు, ఆ సంగతి తెలిసిపోతుంది. మా గిలాసలో నీళ్లు ముట్టని ఇళ్లవాళ్లు మా పళ్లేల్లో లొట్టలేసుకుంటూ తిన్నారు. చుట్టాలెవరన్నా “ఎవరివి గీ పళ్లేలు?” అంటే, “బ్యాంకువి” అనేవాళ్లు, అదేదో సర్కారు సొత్తు అన్నట్టు. షెడ్డు వెనక బోరు దగ్గర కూర్చుని వాటిని తోమేదెవరో వాళ్లకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండడానికి ఒక సాకు కావాలి, అంతే. ఆ సాకును మేమే బోర్డు మీద రాసిపెట్టాం.

ఎదురుగా ఉన్న టెంట్ హౌస్ ఆయనకు కడుపు మండింది. జనం షామియానా ఆయన దగ్గర తీసుకుని, సామానుకు మాత్రం రోడ్డు దాటి అమ్మ దగ్గరకొస్తున్నారు. ఆయన కొట్లాటకు రాలేదు. చదువుకున్న వాడినెవరినో పట్టుకుని ఒక అర్జీ పెట్టించాడు.

జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. మహా మర్యాదస్తుడు. అమ్మను కుర్చీలో కూర్చోమని మరీ మాట్లాడాడు. లైసెన్సున్న బ్యాంకులు తప్ప ఇంకెవరూ వ్యాపారం పేరులో బ్యాంక్ అన్న మాట వాడకూడదట. చట్టమట.

“మేం పైసల్ దాస్తలేం, అప్పులిస్తలేం సారూ. పళ్లేలే గద?” అంది అమ్మ.

“పళ్లేలైనా సరేనమ్మా. ఆ మాట చూసి జనం నమ్ముతారు, మోసపోతారు. అందుకే చట్టం వద్దంటుంది.”

మరి సంఘాల వాళ్లు పెట్టుకున్నారు కదా అని నేను అడిగాను. ఫిర్యాదు మీ మీద వచ్చిందన్నాడు. పోనీ ట్రస్ట్ అని పెట్టుకుంటామంటే, కిరాయి వ్యాపారానికి అదీ కుదరదన్నాడు. చివరికి తనే దారి చూపించాడు. “మీ పేరే పెట్టుకోండమ్మా. మీ పేరును ఎవరు కాదంటారు?”

అంత మెత్తగా గొంతు కోసే మనిషిని నేను మళ్లీ చూడలేదు. పైగా ఆయనకు ఆ సంగతే తెలియదు.

అమ్మకు సంబరమైంది. ఆమె పేరు అప్పటిదాకా కూలి హాజరులో తప్ప ఎక్కడా ఎక్కలేదు. గద్వాల నుంచి పెయింటరును పిలిపించి, ఇంటిపేరుతో సహా పెద్ద పెద్ద అక్షరాల్లో రాయించుకుంది. మూలన చిన్న సిలువ కూడా వేయమంది. నేను వద్దన్నాను.

“ఎందుకొద్దే? నేనేమన్న దొంగతనం జేసిన్నా?” అని నా మీదికే లేచింది.

ఊళ్లో పెద్ద పటేలు అంతకుముందు తన పెద్దకొడుకు పెళ్లి మా పళ్లేలతోనే చేశాడు. చిన్నకొడుకు పెళ్లికి ఆయన ట్రాక్టరు మా షెడ్డు దాకా వచ్చి, బోర్డు చూసి, ఎదురుగా ఉన్న టెంట్ హౌస్‌కు తిరిగింది. అమ్మ ఫోన్ చేస్తే ఆయన దాచుకోలేదు. “ఏమనుకోకు. మొన్నటిదాంక బ్యాంకువని జెప్తిమి. ఇప్పుడు నీ పేరుండె. చుట్టాలడిగితే ఏం జెప్పాలె?”

తక్కిన వాళ్లు ఆ మాట కూడా చెప్పలేదు, రావడం మానేశారు. మా వాడవాళ్లు, చర్చివాళ్లు మిగిలారు. వాళ్లతో షెడ్డు నడవదు. చివరికి టెంట్ హౌస్ ఆయనే వచ్చి, అన్నీ పాత సామాను ధరకు తూకం వేయించుకున్నాడు. పైగా జాలిపడ్డాడు. “పనికి రా. తోముడు నీకు అలవాటే గద.” అమ్మ పోయింది.

ఆ మధ్య పటేలు మనవడికి పుట్టువెంట్రుకలు తీయించి ఊరందరికీ భోజనాలు పెట్టాడు. నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగానికి సెలవు దొరికి నేను ఊళ్లోనే ఉన్నాను, అమ్మను ఇంటికి తీసుకెళ్దామని అక్కడికి పోయాను. షామియానా వెనక అమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఎంగిలి పళ్లేల కుప్ప ముందు కూర్చుని ఉంది. ఒకటి తీసి తిరగేశాను. అడుగున ‘స్టీల్ బ్యాంక్’ చుక్కలు అట్లాగే ఉన్నాయి. టెంట్ హౌస్ ఆయన వాటిని చెరిపించే ఖర్చు కూడా పెట్టలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా పటేలు దగ్గరికే పోయాను. ఆయన అప్పుడే తినడం ముగించాడు. చుట్టాలంతా వరసగా కూర్చున్నారు. ఆయన పరువు తీయాలనే, అందరికీ వినపడేటట్టు అడిగాను.

“పటేలా, మీరు తిన్న పళ్లెం ఎవరిదో జర తిరగేసి సూడుండ్రి.”

ఆయన చూడలేదు. కోపం కూడా చేసుకోలేదు.

“తెల్సు బిడ్డా. మీ అమ్మవే. ఇప్పుడు ఆయనవి గద,” అని టెంట్ హౌస్ ఆయన వైపు గడ్డం ఎత్తి చూపించాడు. చుట్టాల్లో ఎవరూ తల కూడా ఎత్తలేదు.

ఇంతలో అమ్మ పరిగెత్తుకొచ్చింది. “నోర్మూసుకో. ఉన్న పని గూడ పోగొడ్తవా?” అని నన్ను పక్కకు నెట్టి రెండు చేతులూ చాచింది. పటేలు ఎంగిలి పళ్లెం ఆ చేతుల్లో పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

అందరూ తిన్నాక, తోమేవాళ్లకని షామియానా వెనక్కి అన్నం పంపించారు. కాగితం ప్లేట్లలో. పక్కనే అమ్మ తోమిన పళ్లేలు తళతళలాడుతూ ఆరుతున్నాయి. అమ్మ చేతులు చెంగుకు తుడుచుకుని తినేసింది. నాకూ ఆకలేసింది, తిన్నాను.