నుదురు కోయనివ్వలేదు

మొన్న మా అన్నయ్య కూతురికి పంజాగుట్టలో సైనస్ ఆపరేషన్ అయింది. మర్నాడే ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటూ ఫోను చూసుకుంటుంటే, ఇదే ఆపరేషన్ కోసం ఒకప్పుడు నేనెంత గొడవపడ్డానో చెప్పినా ఈ పిల్ల నమ్మదనిపించింది.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకున్న మన తరంవాళ్లకు మైత్రీవనం బిల్డింగు మెట్ల మీది తోపులాట గుర్తుండే ఉంటుంది. అక్కడే ఓ ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెబుతూ, మధురానగర్‌లో ఒక్కదాన్నే గది తీసుకుని ఉండేదాన్ని. కనుబొమల పైన మొదలైన నొప్పి రెండేళ్లలో ఎంత ముదిరిందంటే, బోర్డు మీద రాయడానికి తలెత్తితే కళ్లముందు చీకట్లు కమ్మేవి. కాఫీ వాసన కూడా తెలిసేది కాదు. నుదుటి ఎముకలోని సైనస్‌లో చీము నిలిచిపోయిందనీ, కనుబొమ దగ్గర కోసి తీయాలనీ ఓ పెద్ద డాక్టరు తేల్చేశారు. అన్నయ్య ఫోనులోనే సరేననేశాడు. నేను మాత్రం కుదరదన్నాను.

వాకబు చేయగా చేయగా, ముక్కులోంచే కెమెరా గొట్టం పంపి ఆ పని చేసే డాక్టరొకరు పంజాగుట్టలో దొరికారు. వయసులో చిన్నాయనే. "చీము పోయే దారి మళ్లా మూసుకపోవచ్చు, కన్ను పక్కనే ఉంటది, ఏం కాదని మాటియ్యలేను. కానీ నుదురు మాత్రం కొయ్యనమ్మా" అన్నారు. లేనిపోని ధైర్యం చెప్పనందుకే ఆయన్ను నమ్మాను.

ఇన్‌స్టిట్యూట్ ఓనరు "గీ బ్యాచ్ అయ్యేదాకా జర ఆగుండ్రి మేడం" అని బతిమాలాడు. ఆగనన్నాను. అన్నయ్యైతే కాకినాడ నుంచి రైలెక్కి వచ్చి, ఆసుపత్రి వరండాలోనే నిలదీశాడు.

"అంత పెద్దాయన చెబితే కాదంటావేంటి? రేపేదైనా అయితే నాకు సంబంధం లేదు. నేను సంతకం పెట్టను."

ఇంటి మగవాళ్ల సంతకమే కావాలని నర్సు పట్టుబట్టింది. ఆమె చేతిలో కాగితం లాక్కుని, "తల నాది, సంతకమూ నాదే" అని నా పేరు రాసిచ్చాను. డాక్టరుగారు చూసి, చాలన్నారు.

మెలకువ వచ్చేసరికి ముక్కు నిండా దూది, తలంతా దిమ్ము. పక్కన స్టూలు మీద, సంబంధం లేదన్న అన్నయ్య.

నాలుగు వారాలకు క్లాసుకెళ్లాను. ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే మిరపకాయ బజ్జీల వాసన గుప్పున తగిలి, అంతమంది జనంలోనే నిలబడి ఏడ్చేశాను. ఏడాదిన్నరకి దారి కొంత మూసుకుపోతే, రెండోసారీ ముక్కులోంచే చేయించుకున్నాను. "చెప్పానా లేదా" అని అన్నయ్య ఎత్తిపొడిచాడు. నొప్పి పూర్తిగా పోయాక కూడా, కలిసినప్పుడల్లా ఆ వాదన నడుస్తూనే ఉండేది.

ఇప్పుడు ఆడపిల్ల తన ఆపరేషన్ కాగితం మీద తానే సంతకం పెడితే తలెత్తి చూసేవాళ్లు లేరు. మంచిదే. నేను చేసింది తప్పని ఈనాటికీ ఒప్పుకోను. ఒప్పుకోమని గొంతు పెంచే అన్నయ్యే లేకుండా పోయాడు.