మెర్ల్ అగ్గిపుల్లకు పెట్టిన ముహూర్తం

అష్టమినాడు ఊరికి బయలుదేరితే మా మేనత్త గడప దగ్గరే ఆపి వెనక్కి కూర్చోబెట్టేది. నవమినాడూ అంతే. ఆ తర్వాత ఓడల్లో వంటవాడిగా సగం ప్రపంచపు రేవులు తిరిగాను. ఎక్కడ చూసినా మంచిరోజు కోసం వెతికేవాళ్ళే గాని, అష్టమిని వెతికి పట్టుకుని మరీ ప్రయాణం పెట్టుకున్న మనిషిని మాత్రం ఓడ పని మానేసి స్థిరపడ్డ, అడిలైడ్ వైపు ఉన్న ఈ చిన్న రేవు ఊరు పోర్ట్ లోవెల్‌లోనే చూశాను. ఆవిడ పేరు గ్లెనిస్ ట్రెజైస్.

గ్లెనిస్‌కు డెబ్బై తొమ్మిదేళ్ళు. గోధుమ గిడ్డంగి దగ్గర లారీల కాటా మీద ముప్పై మూడేళ్ళు పనిచేసింది. కోతల కాలంలో రోజుకు రెండొందల లారీలు తూచి, ఒక్క రైతు చేత కూడా మాట పడని మనిషి. మా ఊళ్ళో బుధవారం నడక సంఘం అని ఒకటుంది. పేరుకే నడక. రేవు వంతెన చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి, గంటన్నర టీ తాగుతాం. ఇరవై రెండు మందిమి. ఏటా సెప్టెంబరులో ఇక్కడి చలి తగ్గగానే ఒక శని ఆదివారాలు ఎక్కడో ఒకచోట గుడారాలు వేసుకుని గడిపి రావడం ఆనవాయితీ. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఇరవై ఏడేళ్ళుగా గ్లెనిస్ తేలుస్తోంది.

ఆవిడ చోటు ఎంచుకునే పద్ధతి చూడాలి. ముందు ఒక్కతే వెళ్ళి ఆ నేల మీద పావుగంట వెల్లకిలా పడుకుంటుంది. చీమలు కుట్టాయా, రాళ్ళు గుచ్చుకున్నాయా, గాలి ఏ వైపు నుంచి చెవిలో దూరింది, అన్నీ నోటు పుస్తకంలో రాస్తుంది. మరుగుదొడ్డిదాకా అడుగులు లెక్కపెడుతుంది. వాననీటి తొట్టి మూత తీసి వాసన చూస్తుంది. మన పెద్దలు ఇల్లు కట్టే ముందు మట్టి నోట్లో వేసుకుని చూసేవారట. ఆ మాట చెబితే, "నేనూ ఒకసారి వేసుకున్నాను, ఉప్పగా ఉంది, ఆ చోటు కొట్టేశాను" అంది.

ఈ ఏడు మాత్రం చోటునూ రోజునూ ఆవిడ తన అక్క కోసం ఎంచింది.

అక్క పేరు మెర్ల్. ఎనభై ఆరేళ్ళు. ఊరి బళ్ళో నలభై ఏళ్ళు పాఠాలు చెప్పింది. మా సంఘంలో సగం మంది ఆవిడ చేత బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే. సంఘం అధ్యక్షుడు కెల్విన్ షిర్మర్, బార్లీ పండించి పండించి డెబ్బై ఏళ్ళు నిండినవాడు, ఇప్పటికీ ఆవిణ్ణి "మిస్" అనే పిలుస్తాడు.

మెర్ల్‌కు తొమ్మిదేళ్ళప్పుడు ఒక సంగతి జరిగింది. వాళ్ళ నాన్నది గోధుమ బస్తాలు మోసే తెరచాప పడవ. ఒకసారి పిల్లను వెంట తీసుకెళ్ళాడు. ఊరికి ఆరు మైళ్ళ దూరంలో, పాత సున్నపు బట్టీల ఎదురుగా, గాలి పడిపోయి పడవ ఆగిపోయింది. గాలి లేకపోతే పోటన్నా తోయాలి, ఆటన్నా లాగాలి. ఆ రోజు ఆటూ లేదు, పోటూ లేదు. సముద్రం ఆగిపోయింది. నాన్న ఒక అగ్గిపుల్లను పడవ పక్కన నీళ్ళ మీద పెట్టాడట. పొద్దున పెట్టిన పుల్ల మధ్యాహ్నం భోజనాల వేళకు కూడా అక్కడే ఉందట.

ఈ కథ మెర్ల్ ప్రతి ఏటా తరగతిలో చెప్పేది. పదేళ్ళ కెల్విన్ ఒకసారి లేచి, "మిస్, పుల్లకు లంగరు వేశారా?" అని అడిగాడు. తరగతి తరగతంతా నవ్వింది. సాయంత్రానికల్లా ఊరూ నవ్వింది. అరవై ఏళ్ళయింది. ఇప్పటికీ పోర్ట్ లోవెల్‌లో ఎవడైనా తాను పట్టిన చేపను మూర నుంచి బారకు పెంచి చెబితే, పక్కవాడు "లంగరు వేశావా?" అంటాడు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో కూడా తెలియదు. మెర్ల్ ఆ కథ చెప్పడం ఎప్పుడో మానేసింది.

అక్టోబరు రెండో వారంలో మెర్ల్ అడిలైడ్ అవతలి కొండల్లో ఉన్న వృద్ధుల ఇంటికి వెళ్ళిపోతోంది. అక్కడి కిటికీల్లోంచి చెట్లు కనిపిస్తాయి, సముద్రం కనిపించదు. వెళ్ళేలోగా ఆ అగ్గిపుల్లను ఊరి చేత నమ్మించాలని గ్లెనిస్ పంతం. ఆ మాట జూలైలో నాకొక్కడికే చెప్పింది.

జూలై సమావేశంలో లేచి, సెప్టెంబరు చివరి శని ఆదివారాలు, చోటు సున్నపు బట్టీలు, అంది. అందరూ చేతులెత్తారు. ఆ శనివారం ఫుట్‌బాల్ ఫైనల్ అని ఎవరికీ తట్టలేదు. తట్టకేం, తట్టింది. కాని అప్పటికి మా వైపు జట్టు పట్టికలో అడుగున ఉంది. మా వాళ్ళు లేని ఫైనల్ ఎవరికి కావాలి? ఆ తర్వాత ఏ దేవుడు పూనాడో, ఆ జట్టు వరసగా గెలుస్తూ పోయింది. సెప్టెంబరు మూడో వారానికి ఫైనల్లో నిలబడింది. ఈ దేశంలో ఆ రోజు పెళ్ళి పెట్టుకున్నవాడికి సొంత అన్నదమ్ములు కూడా రారు.

సంఘం అత్యవసరంగా కూర్చుంది. వారం జరుపుదాం, సోమవారం కూడా సెలవు కలిసొస్తుంది, పైగా ఊరి పక్క కారవాన్ పార్కులో వేడినీళ్ళూ గదులూ ఉన్నాయి, ఈ వయసులో సున్నపురాళ్ళ మీద ఎందుకు పడుకోవడం అని తలా ఒక మాట అన్నారు.

"ఒక్క వారం జరిపితే ఏం పోతుందమ్మా గ్లెనిస్? ఆ సముద్రం ఎక్కడికీ పోదుగా," అన్నాడు కెల్విన్.

"ఆ రెండు రోజులే ఎక్కడికీ పోదు కెల్విన్. పై వారం పున్నమి. గుర్రంలా పరిగెడుతుంది."

గ్లెనిస్ ఆటుపోట్ల పుస్తకం తీసి బల్ల మీద పరిచింది. ప్రతి రోజు గడిలోనూ నాలుగేసి అంకెలున్నాయి, నీళ్ళు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగే వేళలు. ఆ ఆదివారం గడిలో రెండే ఉన్నాయి, ఆ రెంటికీ మధ్య నీటి ఎత్తులో తేడా చిటికెన వేలి మందం. అప్పుడు కాటా మనిషిలాగే చెప్పింది. మా సింధుశాఖలో సూర్యుడి లాగుడూ చంద్రుడి లాగుడూ ఇంచుమించు ఒకే బరువు. అష్టమి వేళ ఇద్దరూ ఎదురెదురుగా లాగుతారు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర్లో అయితే ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడుతుంది. అదీ గాలి లేకపోతేనే.

నేను కాంబే అఖాతంలో పోటు గోడలా లేచి రావడం చూశాను. సముద్రానికి చెలియలికట్ట గీసిన కథలు చదివాను. దాన్ని గీత దాటొద్దన్నవాళ్ళున్నారు గాని, కదలొద్దని ఎవరూ అన్నట్టు ఎక్కడా చదవలేదు. అంతటి దానికి రెండు అంకెల గడి చాలిందా అనిపించింది.

"మా అక్క వెళ్ళిపోతోంది," అంది గ్లెనిస్. "ఆ పుల్ల సంగతి మీరంతా చూడాలి. ఆవిడ వెళ్ళే ముందు చూడాలి."

వెనక కుర్చీలోంచి మెర్ల్ గొంతు వచ్చింది. "ఏయ్ పిల్లా. నా సంగతి సభలో పెట్టొద్దని చెప్పానా, లేదా?"

"చెప్పావు. డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంకా నీ మాట వినాలా?"

నవ్వులు లేచాయి. కెల్విన్ నవ్వలేదు. టోపీ చేతిలో తిప్పుతూ, తన బండిలో రేడియో ఉందనీ, ఆట అక్కడే వినొచ్చనీ, సాసేజీలూ ఉల్లిపాయలూ తానే తెస్తాననీ అన్నాడు. అంతటితో సమావేశం ముగిసింది. అయినా ఇరవై రెండు మందిలో పదకొండు మందిమే వెళ్ళాం. మిగతావాళ్ళకు టీవీ ముఖ్యం. తప్పు పట్టను.

బట్టీల దగ్గర నేల గట్టిది, బండి నీళ్ళకు పది గజాల దాకా వెళుతుంది. మెర్ల్ వాకర్‌తో రెండు నిమిషాల్లో ఒడ్డు చేరగలదు. గ్లెనిస్ చోటు ఎంచింది అందుకే. కాని శనివారం మధ్యాహ్నం నైరుతి గాలి మొదలైంది. నీళ్ళ అంచున గ్లెనిస్ పాతిన కర్ర, గాలి తోసిన నీళ్ళలో సాయంత్రానికి జానెడు మునిగింది. అవతల రేడియోలో మా జట్టు నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. కెల్విన్ రేడియో కట్టేసి ఉల్లిపాయలు మాడ్చాడు. అందరూ ఆ మాడినవే రొట్టెలో పెట్టుకుని తిన్నారు. మెర్ల్ వెలుతురుండగానే గుడారంలోకి వెళ్ళిపోయింది.

నేను వెళ్ళి గ్లెనిస్ పక్కన కూర్చున్నాను. ఆవిడ ఆ కర్ర వంకే చూస్తోంది.

"గాలిని తూచే కాటా లేదు సోమూ," అంది. మళ్ళీ, "నీకొకటి చెప్పనా? ఇన్నేళ్ళూ నేనూ నమ్మలేదు," అంది.

ఆదివారం పొద్దున నాకు మెలకువ వచ్చింది చప్పుడుకు కాదు, చప్పుడు లేకపోవడానికి. నలభై ఏళ్ళు నీళ్ళ మీద పడుకున్నవాణ్ణి. నీళ్ళు ఒడ్డును నాకే ఆ చిన్న చప్పుడు నిద్రలో కూడా చెవిలో ఉంటుంది. అది లేదు. బయటికి వచ్చి చూస్తే అందరూ అప్పటికే ఒడ్డున నిలబడి ఉన్నారు.

గాలి పూర్తిగా పడిపోయింది. ఆకాశం ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. ఒక కొంగ తన నీడ మీదే నిలబడి ఉంది. నీటి అడుగున సముద్రపు గడ్డి, ఎప్పుడూ ఏదో ఒక పక్కకు వాలి ఉండేది, నారుమడిలా నిటారుగా నిలబడింది. కెల్విన్ తన బండి వెనక కట్టుకొచ్చిన చిన్న పడవ లంగరు తాడు బిగుసుకోకుండా నిట్టనిలువుగా వేలాడుతోంది. గ్లెనిస్ కర్ర మీద తడి గీత ఆరు గంటలకు ఎక్కడుందో తొమ్మిది గంటలకూ అక్కడే ఉంది. అంత పెద్ద సముద్రం, మన కళ్ళ ముందు, ఏమీ చేయకుండా ఉంది. నాకు కూర్చోవాలనిపించలేదు, తలకు టోపీ ఉంచుకోవాలనీ అనిపించలేదు.

మెర్ల్ వాకర్ పట్టుకుని వచ్చింది. అప్పుడు తెలిసింది మా తెలివి. పదకొండు మందిమి, ఇంత ముహూర్తం పెట్టుకుని వచ్చాం, ఒక్కరి దగ్గరా అగ్గిపెట్టె లేదు. పొయ్యి వెలిగించేది లైటర్‌తో, చుట్ట తాగేవాడు ఎవడూ మిగల్లేదు. గ్లెనిస్ నోటు పుస్తకంలో చీమలున్నాయి, అడుగులున్నాయి, అగ్గిపెట్టె లేదు. ఆవిడ మొహం చూడలేకపోయాను.

మెర్ల్ స్వెటరు జేబులోంచి కొత్త అగ్గిపెట్టె తీసింది.

"మీరెవరూ తేరని నాకు తెలుసు," అంది.

కెల్విన్ ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి పుల్ల అందుకున్నాడు. ఆవిడ చూపించిన చోటుదాకా నీళ్ళలో నడిచాడు. "మెల్లిగా నడవరా, నీ కాళ్ళ కింది అలలు చావనీ," అంది మెర్ల్. అలలన్నీ చచ్చాక వాడు వంగి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పుల్లను నీళ్ళ మీద పెట్టాడు. ఆ తర్వాతే తెలిసింది, ఇక వాడు కదలడానికి వీల్లేదు. అడుగేస్తే అల లేస్తుంది, పుల్ల కదులుతుంది.

కెల్విన్ కదల్లేదు. మోకాటి లోతు చల్లటి నీళ్ళలో, చేతులు కట్టుకుని, పుల్లకేసి చూస్తూ నిలబడ్డాడు. అరగంట అయింది. గంట అయింది. ఒడ్డున ఎవరూ టీ పెట్టలేదు. పుల్ల వాడి ఎడమ మోకాలికి జానెడు దూరంలో, కొస బట్టీల వైపు తిరిగి, ఉన్నచోటే ఉంది. గ్లెనిస్ అక్క భుజం పట్టుకుని నిలబడింది. పుస్తకం తీయలేదు.

గంటన్నర దాటాక మెర్ల్ తల కొంచెం ముందుకు వంచింది.

"బెత్తెడు జరిగింది," అంది. "మా నాన్నది ఆ మాత్రం కూడా జరగలేదు."

ఊళ్ళో అయితే ఈ మాటకు పదిమంది ఒక్కసారే "లంగరు వేశారా?" అనేవాళ్ళు. ఇక్కడ అది ఎవరి నోటా రాలేదు. కెల్విన్ చల్లబడి నీలంగా మారిన పెదవులతో, తల తిప్పకుండా, "జరిగి ఉండదు మిస్," అన్నాడు.

మరి కాసేపటికి, "ఇక బయటికి రావచ్చా మిస్?" అని అడిగాడు.

"ఇంకొంచెంసేపు ఉండరా," అంది మెర్ల్.

వాడు ఉన్నాడు.