పదకొండు మాత్రల టపుల్

చరిత్రకారులెవరూ పట్టించుకోలేదు గానీ, మా వీధి చివర శిక్షణ కేంద్రంలో ప్రోగ్రామింగ్ నేర్పే మాస్టారు రోజూ గుమ్మం దాటే ముందు మూడు జేబులూ తట్టుకుని "తాళం, కళ్లజోడు, పెన్ను" అని ప్రకటించడం ఇరవై రెండేళ్లు సాగిన మహాయుగం. ప్రభుత్వాలు మారాయి, ఆ వరస మారలేదు.

టపుల్ పాఠమూ ఆయన అలాగే చెప్పేవారు.

"విలువల్ని వరసగా పేర్చి బ్రాకెట్లలో పెట్టండి. టపుల్ పుట్టినట్టే. ఇక అందులోంచి ఒకటి తీయడం, ఒకటి దూర్చడం కుదరదు. మార్పు కావాలా, కొత్తది కట్టుకోండి. పాతదాన్ని బతిమాలకండి."

భార్యకు జబ్బు చేసినప్పుడు ఆమె మాత్రల పేర్లన్నీ ఒక టపుల్‌లో పెట్టి, ఉదయం ఎనిమిదింటికి కంప్యూటరే చదివి వినిపించేలా ప్రోగ్రాం రాశారు. డాక్టరు మందు మార్చినప్పుడల్లా కొత్త టపుల్.

"ఒక్క మాత్ర కోసం మొత్తం మళ్లీ రాస్తారేంటండీ? దిద్దుకునే వీలున్నదేదో వాడుకోకూడదూ?" అంది ఆమె.

"లిస్టు వాడొచ్చు. పొరపాటున చెయ్యి తగిలి ఒకటి ఎగిరిపోతే?"

"పోతే పీడా పోయింది. నోటికి ఒక చేదు తగ్గుతుంది."

అయిదు మాత్రలు ఏడయ్యాయి, ఏడు పదకొండయ్యాయి. పదకొండోది మొదలుపెట్టిన మూడో వారం ఆమె పోయింది.

మర్నాడు ఎనిమిదింటికి కంప్యూటరు పదకొండు పేర్లూ చదివింది. నెల దాటినా చదువుతూనే ఉంది. మాస్టారు ఎప్పట్లాగే గ్లాసుతో నీళ్లు తెచ్చి, మంచం పక్క బల్లమీద పెట్టి, చివరిదాకా వినేవారు.

చూడడానికొచ్చిన కూతురు రెండో రోజే చెవులు మూసుకుంది.

"నాన్నా, ఆపెయ్యరాదూ దాన్ని? గుండె పట్టేస్తోంది."

"ఆపేస్తే ఎనిమిదింటికి నేనేం చెయ్యనే?"

"పోనీ, అందులోంచి మాత్రల పేర్లైనా తీసెయ్యి."

"టపుల్ అమ్మా. తీయడం కుదరదు."

"నాకా చెప్తున్నావ్? నీ క్లాసులో మొదటి బెంచీ నాదే. కొత్తది కట్టు."

మాస్టారు కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఇరవై రెండేళ్ల పాండిత్యం వేళ్ల చివరికొచ్చి ఆగింది. బ్రాకెట్టు తెరిచారు. లోపల ఏమీ పెట్టకుండానే మూసేశారు.

ఖాళీ బ్రాకెట్లు కూడా టపులే. మర్నాడు ఎనిమిదింటికి ప్రోగ్రాం ఏ తప్పూ చూపకుండా, ఏ పేరూ చదవకుండా నడిచింది. గ్లాసులో నీళ్లు మాస్టారే తాగారు.